మొక్కు లేని శనివారం

మా ఆత్రేయపురంలో పూతరేకుల కొట్లకు శనివారమే పండగ. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు కార్లలో, ఆటోల్లో వచ్చి, దర్శనం అయ్యాక తలా రెండు పెట్టెలు కట్టించుకుపోతారు. ఆ పెట్టెల్లోకి రేకులు తీసేది మాలాంటి ఆడవాళ్లం. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగితే ఒక రేకు. పొద్దస్తమానం అదే పని, అదే సెగ.

ఆరు రోజులు తీస్తాను. నా రేకులోంచి అవతలి మనిషి కనబడతాడు, ఆ మాట మా కొట్టు యజమాని రాజబాబు గారే అంటారు. శనివారం మాత్రం కుండ ముట్టను. కువైట్‌లో ఒకరింట్లో ఆరేళ్లు పనిచేసి వచ్చిన మనిషిని నేను. ఆరేళ్లలో ఒక్క సెలవు ఎరగను. నా మంచం పక్క గోడకు బెల్లు ఉండేది. నోట్లో ముద్ద ఉన్నా సరే, అది మోగితే లేవాలి. వారానికి ఒక్కరోజు ఎవరు పిలిచినా లేవకూడదని విమానంలోనే ఒట్టు పెట్టుకున్నాను.

మొన్న శుక్రవారం రాజబాబు గారు ఇంటికి వచ్చారు. మా అత్తగారు బంగారమ్మ టీ ఇచ్చింది.

"సువర్ణమ్మా, జనం పెరిగిపోయేరు. రేపట్నించి శనివారం కూడా తియ్యి. కూలి రెండింతలిస్తాను. కుదరదంటే మాత్రం వారమంతటికీ వేరే మనిషిని చూసుకోవాలి."

కువైట్ డబ్బుతో గోడలు లేచాయి గాని పైన స్లాబు పడలేదు. ఆయన చెప్పిన కూలి వస్తే వానల్లోపు అదీ వేసేయొచ్చు.

"లేదండి," అన్నాను.

"పోనీ ఆదివారం మానుకోరాదూ?"

"ఆదివారం మా ఇంట్లో అందరికీ సెలవేనండి, నాకు తప్ప. మా ఆయన, పిల్లలు, వచ్చే పోయే చుట్టాలు, పొయ్యి ఆరదు. శనివారమైతే మా ఆయన ఆటో వేసుకుని వాడపల్లి పోతారు. పిల్లలు బడికి, అత్తయ్య మీ కొట్టుకి. ఇల్లు నాదవుద్దండి."

ఆయన మెత్తబడ్డారు. "వెంకన్నకి ఏడు వారాలు మొక్కుకున్నావా ఏంటి? అదైతే చెప్పమ్మా. దేవుడి పనికి నేనడ్డు రాను. ఏడు వారాలూ మానుకో, నీ పని నీకే ఉంటది."

"ఆయ్, మొక్కేనండి," అని అత్తగారు నన్ను మోచేత్తో పొడిచింది. "చెప్పుకోడానికి మొహమాటం దానికి."

తల ఊపితే చాలు. ఏడు వారాలయ్యాక ఇంకో మొక్కు పెట్టుకోవచ్చు కూడా. కానీ నాకు ఒళ్లు మండింది. దేవుడి కోసం మానుకుంటే భక్తి, నా కోసం మానుకుంటే పొగరా?

"మొక్కూ లేదు, ఏం లేదండి. గుడికీ వెళ్లను. పొద్దెక్కేదాకా పడుకుంటాను. లేచాక కాలవ గట్టున కూచుంటాను."

"ఏ పనీ లేకుండానా?"

"ఆయ్. ఏ పనీ లేకుండానే."

"దానికోసం కూడు పోగొట్టుకుంటావా?"

"పోతే పోనివ్వండి. నా సెలవుకి ఆ స్వామిని అడ్డం పెట్టుకోను."

ఆయన టీ సగంలో వదిలేసి వెళ్లిపోయారు. రాత్రి అన్నం వడ్డిస్తుంటే అత్తగారు, "స్లాబు కింద ఓ వానాకాలం పడుకుందామనుకున్నానే," అంది. ఆ మాటకు నిజంగా బాధేసింది. అయినా నా మాట మార్చుకోలేదు.

తెల్లారి అందరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. నేను మళ్లీ మంచమెక్కాను. ఎండ గడప దాకా వచ్చిన వేళకు దిండు పక్కన ఫోను మోగింది. రాజబాబు గారు. నేనింకా పేరు చదువుతుండగానే నా కాళ్లు రెండూ నేల మీద ఉన్నాయి. ఆరేళ్ల అలవాటు. వాటిని చూసి నాకే సిగ్గేసింది. ఒక్కొక్కటే మంచం మీదికి లాక్కుని దుప్పటి కప్పాను.

ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. తిట్టడానికో, బతిమాలడానికో, ఇక పనిలోకి రావద్దని చెప్పడానికో. ఏదైనా రేపు వింటాను, ఇవాళ మోగనీ అనుకున్నాను.

మూడోసారి మోగుతుండగా నిద్ర పట్టేసింది.