కంటి దాకా కొలత

చర్చి హాలు కిటికీకి ఎదురుగా కారాపి, గ్లెనిస్ పక్కకి చూసింది. కొడుకు ఏడ్రియన్ ఒళ్ళో పెట్టె పెట్టుకుని, బెల్టు విప్పకుండా కూర్చున్నాడు. ముప్పై దాటిన మగవాడు.

"నువ్వే తీసుకెళ్ళమ్మా. లోపల జనం ఉంటారు."

"జనం కాక గొర్రెలుంటాయా? నీతో ఆడాల్సినవాళ్ళేగా!"

వాడు కదల్లేదు. పెట్టె నిండా వాడు షెడ్డులో ద్రవ రసాయనం పోసి త్రీడీ ప్రింటరుతో చేసిన విలుకాళ్ళ బొమ్మలు. పాతకాలపు రాజుల యుద్ధాల్లో సైనికులు, ఒక్కొక్కడూ బొటనవేలంత. ఆ రసాయనం వాసనకి వాడి ఊపిరితిత్తులు పాడవుతాయనీ, షెడ్డు అంటుకుంటుందనీ చలికాలమంతా ఆమెకి కంటిమీద కునుకు లేదు. ఇవాళ్టి భయం వాటన్నిటికంటే పెద్దది. బొమ్మ సైనికులతో యుద్ధాలాడే ఈ క్లబ్బువాళ్ళకి ఇవి నచ్చకపోతే వాడు మళ్ళీ షెడ్డులో తలుపేసుకుంటాడు. తను పోయాక ఆ తలుపు తట్టేదెవరు?

చివరికి పెట్టె తనే లోపలికి తీసుకెళ్ళింది. క్లబ్బు పెద్ద డెస్మండ్ అందులోంచి ఒక విలుకాణ్ణి తీసి, బల్ల మీదనుంచి నేలకి వదిలేశాడు. గ్లెనిస్ గుండె దానితోపాటే పడింది. విల్లు విరగలేదు. డెస్మండ్ దాన్ని పైకి తీసి వేలితో వంచాడు, గోటితో వీపు గీరాడు.

"ప్రింటు గీతల్లేవు. పనిమంతుడే. ఈ మొహం చూశావా, పన్ను నొప్పితో యుద్ధానికొచ్చినట్టున్నాడు!" అని నవ్వి, తమ సైనికుల పక్కన నిలబెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

"పొట్టివాళ్ళు, చెల్లెమ్మా. మీవాడు మా కొలతని టోపీ కొస దాకా అనుకుని చేసినట్టున్నాడు. మేం కంటి దాకానే కొలుస్తాం. టోపీ లెక్కలోకి రాదు."

"అంటే పనికిరారా?"

"మావాళ్ళలో కలిపితే తండ్రుల పక్కన పిల్లల్లా ఉంటారు. విడిగా ఒక దళం చేస్తే ఎవడికీ తెలీదు. కానీ దాన్ని నడపడానికి విడిగా ఓ మనిషి కావాలి. మీవాణ్ణి రమ్మను."

విడిగా. బొమ్మల్లో కూడా విడిగానేనా అనుకుంది గ్లెనిస్. కిటికీలోంచి చూస్తే కారు అద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి.

"వాడికి జలుబు. నేను నడుపుతాను."

"ఆట వచ్చా?"

"లూడో వచ్చు."

హాలంతా నవ్వింది. ఆమె విలుకాళ్ళని కిటికీ పక్క బల్ల మీద వరసగా పేర్చింది.

"సొంత గుర్రపు దళానికే గురిపెట్టావే! మా రాజు నీకేం ద్రోహం చేశాడమ్మా?" అన్నాడు డెస్మండ్.

సరిచెయ్యబోయి తలెత్తింది. కారు అద్దం మీద ఒక చెయ్యి ఆవిరి తుడుస్తోంది. ఆ వెనక ఏడ్రియన్ మొహం, బల్లవైపే చూస్తూ. గ్లెనిస్ విలుకాళ్ళని సరిచెయ్యలేదు. వెనక వరసని కూడా ఆ గుర్రాలవైపే తిప్పింది.

కాసేపటికి తలుపు కిర్రుమంది. చల్లగాలి లోపలికొచ్చింది. గడప మీద ఏడ్రియన్, ఒక చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.

"అమ్మా! వాళ్ళని అటు తిప్పకు."

డెస్మండ్ తలెత్తకుండానే అన్నాడు: "ఆ తలుపు వెయ్యి నాయనా, చలి కొడుతోంది."

వాడు లోపలికొచ్చి వేస్తాడో, బయటికే వెళ్ళిపోయి వేస్తాడో. గ్లెనిస్ చేతిలో విలుకాణ్ణి కింద పెట్టలేక అలాగే నిలబడిపోయింది.