కర్చీఫ్ వేసిన సీటు

నీలం గళ్ళది ఏదీ, అమ్మ మళ్ళీ అడుగున పెట్టేసిందా, లేదు, ఇదిగో, ఇస్త్రీ వేడి ఇంకా ఆరలేదు, ఎదుటివాళ్ళు మొహాలు తుడుచుకునే గుడ్డలకి ఇంత మడత ఎందుకమ్మా అంటే వినదు మహబూబ్ బీ, మన ఇంట్లోంచి వెళ్ళే గుడ్డ మురికిగా ఉంటే ఏమనుకుంటారు అంటుంది, ఏమనుకుంటారు, ఏమనుకుంటారు, పుట్టిన దగ్గర్నించీ ఆ మాట వింటూనే ఉన్నాను, ఈ రైల్లో నాతో ఒక్కసారీ రాలేదు గానీ ఏ కర్చీఫ్ ఎవరిదో నాకంటే అమ్మకే బాగా తెలుసు, నీలం గళ్ళది మురళీమోహన్‌ది, కిటికీ పక్కన, పసుపు అంచుది నరేష్‌ది, తెల్లది తోమాసుది, బండి బయల్దేరేది మా రేపల్లెలోనే కాబట్టి ఖాళీ పెట్టె దొరికేది నాకే, అందుకే అందరి కర్చీఫులూ నా సంచిలోనే కాపురం, నేను ముందెక్కి సీట్ల మీద పరిచేస్తాను, వాళ్ళు భట్టిప్రోలులోనూ వేమూరులోనూ ఎక్కి దర్జాగా కూర్చుంటారు, పెట్టె ఎంత కిక్కిరిసినా కర్చీఫ్ వేసిన చోట పరాయివాడు కూర్చోడు, అది ఏ రైల్వే రూలులోనూ లేదు, అయినా అంత గట్టి రూలు నేనింకోటి చూడలేదు, ఇవాళ మాత్రం ఆ నీలం గళ్ళది పరుస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఎందుకాగిందో నాకు తెలుసు, తెలిసీ పరిచాను.

బాపట్లలో ఉద్యోగానికి తెనాలి చుట్టు తిరిగి వెళ్ళేవాడు ఎవడైనా ఉంటాడా అని మా ఆఫీసులో అంతా నవ్వుతారు, నిజమే, రేపల్లె నుంచి తిన్నగా బస్సుంది, దూరం తక్కువ, బస్సు కుదుపు నా నడుముకి పడదని చెప్తాను, సీజన్ టికెట్ చవకని చెప్తాను, అసలు సంగతి ఈ జట్టు, వీళ్ళ కబుర్లు, వీళ్ళ తగువులు, రంజానుకి అమ్మ చేసిన షీర్ ఖుర్మా క్యారేజీ మూత తియ్యకముందే చెయ్యి చాపే మురళీమోహన్, మొన్న అమ్మకి ఆపరేషనప్పుడు రక్తం కావాలంటే బ్యాంకులో సెలవు పెట్టి వచ్చి చొక్కా చెయ్యి మడిచి పడుకున్నాడే, అదే మనిషి, ఆయన రక్తం మా అమ్మ ఒంట్లో తిరుగుతుంటే వివక్ష ఉందని ఏ నోటితో అంటాను, అనలేను, అందుకే నిన్న అంత తొందరగా అనేశాను, నాకేం లేదండి అని, నవ్వుతూ అన్నాను, ఆ నవ్వు గుర్తొస్తేనే ఒళ్ళు మండుతోంది.

నిన్న ఇదే పెట్టెలో, నరేష్ ఫోన్ చూస్తూ మొదలెట్టాడు, ఏదో విదేశీ సంస్థట, మన దేశంలో మైనారిటీల మీద వివక్ష ఉందని రాసిందట, మురళీమోహన్ గయ్యిమని లేచాడు, వాళ్ళెవరయ్యా మనకి చెప్పడానికి, ముందు వాళ్ళ దేశం సంగతి చూసుకోమను, అసలు పక్క దేశాల్లో మైనారిటీల గతేంటో చూశావా, నరేష్ తెనాలిలో లెక్చరరు, కుర్రాడు, ఊరుకుంటాడా, పక్కవాడి ఇంట్లో కుండ పగిలితే మన కుండకి చిల్లు లేనట్టా సార్, మన సంగతి మాట్లాడండి, ఉద్యోగాల లెక్క ఇదీ, అరెస్టుల లెక్క ఇదీ అని నరేషూ, పథకాలు అందరికీ వస్తున్నాయా లేదా, పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నారా లేదా అని మురళీమోహనూ, పల్లీలమ్మే కొండమ్మ బుట్ట దించుకుని మరీ వింటోంది, ఇద్దరి మాటలూ నాకు నిజంగానే వినిపించాయి, అదే నా ఖర్మ, లెక్కలు చెప్తే అవునంటాను, ఎదురు లెక్కలు చెప్తే అదీ అవునంటాను, మావాళ్ళు ఎక్కువున్న చోట మాత్రం తక్కువున్న వాళ్ళని నెత్తిన పెట్టుకుంటున్నారా అని కూడా నాలో నేను అడుగుతాను, అప్పుడు మురళీమోహన్ నా భుజం మీద చెయ్యేసి, ఇంత గొడవెందుకు, మన వాజిద్ ఉన్నాడుగా, ఏంటి వాజిద్, నీకెప్పుడైనా అలాంటిది జరిగిందా, నువ్వే చెప్పు అన్నాడు, పెట్టె పెట్టంతా నా మొహంలోకి చూసింది, అంతమంది ఒకేసారి చూస్తే మనిషికి నిజం గుర్తు రాదు, మర్యాదే గుర్తొస్తుంది, నాకేం లేదండి, చూశారా అని మురళీమోహన్ తొడ చరిచాడు, రేపు ఇదే మాట వీడియోలో చెప్పు, అన్ని గ్రూపుల్లోనూ పెడదాం అన్నాడు, తెనాలిలో దిగేటప్పుడు నరేష్ నా చెవిలో గొణిగాడు, భయపడకండి బాబాయ్, రేపు కెమెరా ముందు వివక్ష ఉందని చెప్పెయ్యండి, అంటే నేనేం చెప్పాలో ఇద్దరికీ ముందే తెలుసు, నోరు మాత్రం నాది కావాలి.

సాయంత్రం ఈ సంగతి ఇంట్లో చెప్తే సుమయా నవ్వలేదు, మా అమ్మాయికి తెనాలిలో ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో ఉద్యోగం, రెండో షిఫ్టు పడిన రోజు దిగేసరికి రేపల్లె బండి ఉండదు, తెనాలిలోనే ఒక వాటా చూసుకుని నాయనమ్మని తోడు పెట్టుకుందామని తిరుగుతోంది, ఫోన్లో అంతా బాగానే ఉంటుంది, రండమ్మా చూసుకోండి, నీళ్ళకి ఇబ్బంది లేదు, కరెంటు మీటరు వేరే, మీ పేరేంటమ్మా, అక్కడ ఆగుతుంది, మా బావమరిది వస్తానన్నాడమ్మా, రంగులు వేయించాలమ్మా, మాంసం మేమూ తింటామనుకో కానీ కింద పెద్దవాళ్ళున్నారమ్మా, ఎవరూ కోపంగా అనరు, అదే విచిత్రం, అందరూ అమ్మా అనే అంటారు, మొన్నొకావిడ, నీ తెలుగు ఎంత బాగుందమ్మా, అచ్చం మాలాగే మాట్లాడుతున్నావని మెచ్చుకుని మరీ తలుపేసుకుందట, డాడీ ఆ వీడియో అయ్యాక నాకూ పంపించండి, ఇల్లు లేదన్న వాళ్ళందరికీ ఫార్వర్డ్ చేస్తాను అంది, ఆ మాటకి అమ్మ ఇస్త్రీ ఆపి నా వైపు తిరిగింది, నోరు జారకు బేటా, రోజూ వాళ్ళ మధ్యే తిరగాలి నువ్వు అంది, మళ్ళీ నీలం గళ్ళది తీసి మడత సరిచేసింది.

భట్టిప్రోలు, నరేష్ ఎక్కాడు, తోమాసు ఎక్కాడు, నరేష్ నా చెయ్యి గట్టిగా నొక్కాడు, పరీక్షకి పంపేవాడిలా, తోమాసు తన తెల్ల కర్చీఫ్ తీసి కూర్చున్నాడు, ఆయన బాపట్ల దగ్గర పల్లెలో పుట్టి అత్తగారి ఊళ్ళో స్థిరపడ్డ మనిషి, ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడతాడట, ఇక్కడ మాత్రం నోరు విప్పడు, ఆయనా మైనారిటీయేగా, మరి ఆయన్ని అడగరేం, నన్నే ఎందుకడుగుతారు, నేను నవ్వుతాననా, కిందటి వారం మురళీమోహన్ అన్న మాట విన్నప్పుడు నా మొహం చూసింది తోమాసు ఒక్కడే, తెనాలిలో మా పైవాటా ఖాళీ అయింది, ఎవరైనా మంచి ఫ్యామిలీ ఉంటే చెప్పండి అన్నాడు మురళీమోహన్, సుమయా ఇల్లు వెతుకుతోందని ఆయనకి తెలుసు, ఎండలో ఎంత తిరుగుతోందో పాపం అని జాలిపడింది కూడా ఆయనే, అయినా ఆ మాట నా వైపు తిరిగి అనలేదు, గాల్లోకి అన్నాడు, మంచి ఫ్యామిలీ, నేను గొంతు సవరించుకున్నాను, కిటికీలోంచి అరటితోటలు చూశాను, అడగలేదు, అడిగితే లేదంటాడని భయం, లేదంటే రేపట్నించి ఈ కర్చీఫ్ ఎలా పరచాలో తెలియదని భయం, అసలు నేను అడగలేదు కదా, అడగని దానికి ఆయన ఇవ్వలేదని ఎలా అంటాను, అడిగితే ఇచ్చేవాడేమో, నా అనుమానమే ఆయన్ని దోషిని చేస్తోందేమో, అలా ఆయన తరఫున వాదిస్తూనే వారం గడిచింది, ఆయన వకీలుని నేనే, ఫిర్యాదుదారుణ్ణీ నేనే, ఈ కేసు తేలేదెప్పుడు.

వేమూరు, మురళీమోహన్ ఎక్కాడు, కర్చీఫ్ తీసి మెడ తుడుచుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు, ఏం వాజిద్, రెడీయేనా, తను నన్ను నువ్వంటాడు, నేను మీరంటాను, ఇద్దరిదీ ఒకే ఈడు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ తోచని సంగతి ఇప్పుడే ఎందుకు తోచాలి, ఫోన్ తీశాడు, మొహం వెలుతురు వైపు పెట్టు, కాస్త నవ్వు, ముందు పేరు చెప్పు, వాజిద్ అంటే సరిపోదు, షేక్ వాజిద్ అని పూర్తిగా చెప్పు, అప్పుడే బలంగా ఉంటుంది, నాకు నవ్వొచ్చింది, నిజంగానే వచ్చింది, ఇల్లడిగేటప్పుడు అడ్డం పడే పేరే ఇక్కడ ముందు కావాలట, కొండమ్మ బుట్ట దించింది, నరేష్ కళ్ళతో కానివ్వమన్నాడు, తోమాసు కిటికీలోంచి చూపు తిప్పి నన్ను చూశాడు, నా పేరు షేక్ వాజిద్, మాది రేపల్లె, మా తాతల తాతలదీ రేపల్లే, నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఈ రైల్లో నాకు మంచి స్నేహితులున్నారు, మా అమ్మకి రక్తమిచ్చిన స్నేహితుడు ఇప్పుడు నా ఎదురుగా ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు, భేష్, కానివ్వు అన్నట్టు తలూపాడు మురళీమోహన్, ఇక ఆ మాట అనాలి, వివక్ష లేదు అనాలి, నాలుక మీదికి వచ్చేసింది కూడా, అంతలో ఎండలో గొడుగు పట్టుకుని వీధి వీధీ తిరుగుతున్న సుమయా కళ్ళ ముందు మెదిలింది, మురళీ గారూ, తెనాలిలో మీ పైవాటా ఖాళీగా ఉందన్నారు కదా, మా సుమయాకి ఇస్తారా, అదొక్కటీ చెప్పండి, మీరు చెప్పిందే నేనూ చెప్తాను అనేశాను.

మురళీమోహన్ చెయ్యి ఫోన్‌తో పాటు మెల్లగా ఒళ్ళోకి దిగింది, కోపం వస్తుందనుకున్నాను, రాలేదు, మొహం మాడ్చుకోనూ లేదు, సొంత ఇంట్లోనే చీకట్లో చెయ్యి దేనికో తగిలినట్టు చూశాడు, నరేష్ ఆగలేకపోయాడు, చూశారా సార్, ఇదే నేననేది, అన్నాడు, నాకు చిర్రెత్తింది, నరేష్, మీ మామగారి ఇల్లూ తెనాలిలోనేగా, డాబా మీద గది తాళమేసి ఉందని నువ్వే అన్నావు, నిన్నట్నించి నా చేత ఉందనిపించాలని చూస్తున్నావే గానీ ఆ గది మాట నీకూ గుర్తు రాలేదేం నాయనా, మామయ్య ఒప్పుకోడు బాబాయ్ అన్నాడు అతను, చాలా నెమ్మదిగా అన్నాడు, పాపం, అబద్ధం చెప్పలేదు, మురళీమోహన్ కూడా అబద్ధం చెప్పలేదు, నాకేం అభ్యంతరం లేదు వాజిద్, అమ్మతో ఒక మాట, కింద వాటావాళ్ళతో ఒక మాట, ఇంట్లో అడిగి చెప్తాను అన్నాడు, చినరావూరు వచ్చింది, వెళ్ళింది, తోమాసు జరిగి నాకు చోటిచ్చాడు, అప్పటిదాకా నేను నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది, ఎప్పుడు లేచి నిలబడ్డానో మరి.

తెనాలి, అందరూ దిగుతున్నారు, మురళీమోహన్ అలవాటుగా కర్చీఫ్ మడిచి నా చేతికిచ్చాడు, రేపు, అంటూనే జనంలో కలిసిపోయాడు, గుడ్డ చెమటకి తడిగా ఉంది, బాపట్ల బండి ఇంకా రాలేదు, ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆ తడి గుడ్డ పట్టుకుని ఆలోచిస్తున్నాను, ఆయన స్నేహం అబద్ధమా, కాదు, అమ్మ బతికే ఉంది, ఆ పైవాటా తాళం అబద్ధమా, కాదు, సుమయా ఇంకా తిరుగుతూనే ఉంది, రెండూ నిజమైనప్పుడు వాళ్ళు నన్ను ఒక్కదానికే సంతకం పెట్టమంటారేం, అడిగి చెప్తాడేమో, ఇస్తాడేమో, ఇస్తే సంతోషమే, అమ్మని తీసుకొచ్చి ఆయన ఎదుటే దించుతాను, ఇవ్వకపోతే నా గుండె కలుక్కుమంటుంది, ఆ సంగతి ఇప్పుడే ఒప్పుకుంటున్నాను, అయినా రేపూ ఇదే రైలెక్కుతాను, అమ్మ ఉతికి మడిచిన నీలం గళ్ళది కిటికీ పక్కనే పరుస్తాను, అది మానను, కానీ దేశంలో వివక్ష ఉందా లేదా అని నన్ను నిలబెట్టి అడగడమేమిటి, దానికి జవాబు నా దగ్గరెందుకుంటుంది, నా దగ్గర ఉన్నది అడగడం ఒక్కటే, జవాబు తాళంచెవి ఉన్నవాడి దగ్గర ఉంటుంది, ఇన్నాళ్ళూ వాళ్ళు చెప్పాల్సిన జవాబు నేను ముందే ఎక్కి, నాకేం లేదండి అని పరిచి ఉంచాను, వాళ్ళు వచ్చి హాయిగా దాని మీద కూర్చున్నారు, ఇకమీదట సీటు పట్టి ఉంచుతాను, జవాబు పట్టి ఉంచను.