గోడ దిగిన కత్తి

“సార్జెంటూ, ముప్ఫై ఏళ్లు దొంగల్ని పట్టావుగా! ఇవాళ నీకు పరుగెత్తే పని కూడా లేదు. చెయ్యి చాపితే అందుతాడు.”

నహార్ ఆ మాట అని మీసం దువ్వుకున్నాడు. చావడిలో కూర్చున్న నలభై మందీ అజ్లాన్ పక్కకి చూశారు. పక్కన నిలబడ్డది అతని కొడుకు రకాన్. గురువారం నాడు నహార్ అన్నగారు హాజీ మిర్దాస్ మనవరాలు మైహాని పెళ్లాడవలసినవాడు.

అజ్లాన్ కొడుకు మోచెయ్యి వదల్లేదు. వదిలితే కుర్రాడు నహార్ మీద పడతాడు. పడితే ఆ పెళ్లిని ఇక ఎవరూ నిలబెట్టలేరు.

ఎదురుగా గోడ మీద రెండు మేకులున్నాయి. వాటి మధ్య సున్నం మీద పొడుగాటి తెల్లటి గీత. నిన్న సాయంత్రం దాకా అక్కడ కత్తి వేలాడింది.

అది హాజీ మిర్దాస్ వంశానిది. వాళ్ల మూలపురుషుడొకడు ప్రవక్త సహచరుడైన సేనాని అబూ ఉబైదా వెనకాల గుర్రమెక్కి ఈ ఘోర్ లోయలోకి దిగాడనీ, ఆ కత్తి అతని చేతిదేననీ ఇంట్లోవాళ్లు చెబుతారు. నిజమా కాదా అని ఊళ్లో ఎవరూ తర్కించరు. ఏడాదికోసారి ఊరంతా సేనాని సమాధి దగ్గర కలిసి వండుకుంటుంది. ఆ రోజు హాజీ కత్తిని ఒళ్లో పెట్టుకుని సేనాని కథ చెబుతాడు. ఆ రోజు ఇవాళే. మధ్యాహ్నం నమాజుకి ఇంకా గంట కూడా లేదు.

“నిన్న సాయంత్రం అసర్ నమాజు తరవాత ఈ గదిలోకి ఒంటరిగా వచ్చింది వీడే,” అన్నాడు నహార్. “కొత్త తివాచీలు దింపాడు. పాతది చుట్టుకుని భుజాన వేసుకుపోయాడు. ఆ చుట్టలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి!”

“మీ ఇంటి దుమ్ముంది,” అన్నాడు రకాన్. “దులిపితే మా గాడిద కూడా తుమ్మింది.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. హాజీ మిర్దాస్ చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆయన అజ్లాన్ వైపు తిరిగాడు.

“అజ్లాన్, నమాజు లోపల కత్తి గోడ మీదికి రావాలి. రాకపోతే మా పిల్లని నీ ఇంటికి పంపను. నా మాట ఇంతే.”

“బావా, ఈలోపు వీణ్ణి అమ్మాన్‌లో మా చెల్లెలింటికి పంపేస్తాను. కోపాలు చల్లారాక—”

“నేను పోను నాన్నా,” అన్నాడు రకాన్. “ప్లేగు వచ్చి, ఖలీఫా రమ్మని కబురు పెట్టినా, సేనాని తన సైనికుల్ని వదిలి కదల్లేదని చిన్నప్పుడు నాకు చెప్పింది ఈ హాజీయే. అంత రోగానికి జడిసి ఆయన పారిపోలేదు. చేయని తప్పుకి నేను పోతానా?”

హాజీ గడ్డం కొద్దిగా కదిలింది. కుర్రాడు నచ్చాడని అజ్లాన్‌కి అర్థమైంది. నచ్చినా మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

అజ్లాన్ గోడ దగ్గరికి నడిచాడు. తలుపు తాళానికి దెబ్బ లేదు. మేకులు వంగలేదు. గోడ కింద దిండ్లు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పై దిండు నడుమ రెండు గుంటలు, మడమలంతే ఉన్నాయి. ఎవరో ఎక్కి నిలబడ్డారు. రకాన్ ఆరడుగులవాడు. నేల మీద నిలబడి చెయ్యెత్తితే చాలు, ఆ మేకులు వాడికి అందుతాయి.

అయితే తీసింది పొట్టివాళ్లు. మరి కత్తి ఎక్కడ?

అప్పుడు అతని చూపు మూలకి పోయింది. అక్కడ అతిథి కూర్చున్నాడు. మొన్న సాయంత్రం వచ్చాడు, సన్నగా, పొడుగ్గా, తాటిదూలంలా. పేరేంటి, ఊరేంటి, పనేంటి అని ఎవరూ అడగలేదు. మూడు రోజులు నిండకుండా అతిథిని అడిగితే ఇంటికి తలవంపు. సమాధి చూడటానికి వచ్చాడులే అనుకుని అన్నం పెట్టారు, పడకేశారు.

అతిథి కుడిచేత్తో కాఫీ తాగుతున్నాడు. ఎడమచెయ్యి మాత్రం చుట్టేసిన పరుపుని పసిపిల్లలా హత్తుకుని ఉంది. గోళ్ల సందుల్లో నల్లటి మసి. దగ్గరికి వెళ్తే బూడిద వాసన, ఆలివ్ నూనె వాసన.

అతిథి లేవబోయాడు. నహార్ గబగబా వచ్చి భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

“అయ్యో, కూర్చో అన్నా! మా గొడవకి జడిసి అతిథి పారిపోయాడంటే రేపు మేం తలెత్తుకు తిరగలేం. ఇంకో కప్పు తాగు.”

పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. ఆ మనిషి ముఖం చూస్తే ఏడవలేక నవ్వుతున్నట్టుంది.

అజ్లాన్‌కి సంగతి అర్థమైపోయింది. కత్తి మూడు అడుగుల దూరంలో ఉంది. అతను చెయ్యి వేస్తే చాలు. వేస్తే, హాజీ అతిథిని హాజీ చావడిలోనే సోదా చేసినవాడవుతాడు. కత్తి దొరుకుతుంది, పెళ్లి మాత్రం అక్కడితో సరి. పోలీసు బుర్ర దొంగని పట్టమంటోంది. వియ్యంకుడి బుర్ర ఆగమంటోంది.

అతను తిరిగొచ్చి హాజీ ఎదురుగా కూర్చున్నాడు. కాఫీ పోశారు. తాగకుండా కప్పుని నేల మీద పెట్టాడు.

కప్పు కింద పెట్టాడంటే కోరిక ఉందన్నమాట. తీరుస్తానని గృహస్థు చెప్పేదాకా అది తాగడు.

“అడుగు,” అన్నాడు హాజీ.

“కత్తి తీసినవాళ్లకి అభయం కావాలి. ఎవరైనా సరే. కోప్పడకూడదు, కేకలెయ్యకూడదు.”

“ఇంకేదైనా అడుగు. నా తోట అడుగు. ఇది కుదరదు!”

“అయితే కాఫీ చల్లారనీ.” అజ్లాన్ కాళ్లు సర్దుకుని తీరిగ్గా కూర్చున్నాడు. “కథ చెప్పే వేళ అవుతోందిగా బావా. కత్తి లేకపోతే కథ ఉండదా? ఆ మామూలు సైనికుడి సంగతి చెప్పు. శత్రువుకి ఆశ్రయం ఇచ్చాడే, ఆ కథ.”

హాజీ ముఖం తిప్పుకున్నాడు. కానీ కథ ఆయన బలహీనత. నలభై మంది ఎదురుగా ఉన్నారు. గొంతు సవరించుకున్నాడు.

“సైన్యంలో పేరూ ఊరూ లేని ఒకడు శత్రువుల మనిషికి అభయమిచ్చాడు. మిగతా ఇద్దరు సేనానులు, ‘వాడెవడు ఇవ్వడానికి? మేం ఒప్పుకోం’ అన్నారు.” ఆయన గొంతు వెచ్చబడింది. భుజాలు నిక్కాయి. “అప్పుడు అబూ ఉబైదా లేచాడు. ఇంట్లో కత్తి, డాలు, జీను తప్ప మరేమీ లేని మనిషి! లేచి, ‘ఒప్పుకుని తీరాలి’ అన్నాడు. ‘మనలో ఏ ఒక్కడు అభయమిచ్చినా అది అందరినీ కట్టేస్తుంది, ప్రవక్త నోట నేను విన్నాను’ అని...”

అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది.

“మరి నేను ఇచ్చాను బావా,” అన్నాడు అజ్లాన్ మెల్లగా. “ఇప్పుడే, ఇంతమంది ఎదుట.”

ముందు వరసలో ఒక ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఏటేటా చెప్పి చెప్పి నీ కథలో నువ్వే పడ్డావు మిర్దాస్!”

హాజీ మీసాల కింద ఏదో వణికింది. కోపమేమో అనుకున్నారు. నవ్వు. “తాగవయ్యా నీ కాఫీ,” అన్నాడు. “కత్తి తీసినవాళ్లకి నా అభయం కూడా ఉంది. కోప్పడను. ఒట్టు.”

అజ్లాన్ ఒక్క గుక్కలో తాగేశాడు. మూలలో అతిథి నిట్టూర్పు గది చివరిదాకా వినబడింది.

“దేవుడు మీ అందరినీ చల్లగా చూడాలి! ఈ మాట కోసమే పొద్దున్నుంచి చూస్తున్నాను. అయ్యా, నేను సాన పట్టేవాణ్ణి.” అతను పరుపు విప్పాడు, ఒర పట్టుకుని లాగాడు. కత్తి జర్రున జారి తళుక్కుమంది.

హాజీ సగం లేచాడు. “అది... బయటికొచ్చిందా? మా తాత కాలం నుంచీ తుప్పు పట్టి ఒరలోనే బిగిసిపోయి ఉంది!”

“రాత్రంతా నూనె, బూడిద పెట్టి తోమాను. ‘పిల్ల పెళ్లిలో ఆడవాళ్లం ఈ కత్తి దూసి ఆడాలి, తుప్పుముద్దతో ఆడతామా? వాణ్ణి అడిగితే ముట్టుకోనివ్వడు. వాడి నోట అభయం వినేదాకా నోరు విప్పకు’ అని, నా మూటలో సానరాయి చూసి కత్తి చేతికిచ్చినావిడ ఒట్టు వేయించుకుంది. ఈ బాబు మీద నింద పడ్డప్పటి నుంచీ, సమాధి దగ్గరికి పరుగెత్తి ఆమె చేత ఒట్టు విడిపించుకుందామని చూస్తున్నాను. లేస్తుంటే మీ తమ్ముడు కాఫీ పోస్తాడు!”

నహార్ చేతిలో కాఫీ కూజా అలాగే ఉండిపోయింది. రకాన్ తండ్రి భుజం మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు.

“ఆమె ఎవరు?” అన్నాడు హాజీ. “దిండ్లెక్కి నా గోడ మీద చెయ్యి వేసిందెవరు?”

తెల్లారకముందే ఆడవాళ్లందరినీ సమాధి దగ్గర వంటకి తోలుకుపోయిన ఎనభై ఏళ్ల మనిషిని తలుచుకుని, అతిథి వినయంగా తల వంచాడు.

“మీ అమ్మగారు. హాజ్జా షమ్మా.”