ముఖం మీది గుడ్డ

ఫట్‌మని చప్పుడైంది. బానెట్ కింద ఏదో నాలుగుసార్లు కొరడాలా కొట్టుకుని ఊరుకుంది. ఫ్యాన్ బెల్టు తెగిందని గుమూర్‌కు దిగి చూడకముందే తెలిసిపోయింది. స్పేరు బెల్టు సీటు కింద ఉండాలి. పోయిన నెల తెగినప్పుడు దాన్నే బిగించాడు, ఆ తరవాత ఇంకోటి కొనాలన్న సంగతి ఇదిగో, ఇప్పుడు గుర్తొచ్చింది. తెనెరె ఎడారి ఇసుక మధ్యలో గుర్తొచ్చి ఏం లాభం?

వెనక్కి వెళ్దామంటే అగదెజ్ పట్నం ఒక రోజు ప్రయాణం. అత్తగారి గుడారాలు పొద్దుగూకేలోపు చేరేంత దూరంలో ఉన్నాయి, బండంటూ నడిస్తే. భార్య రయిషాకు నెలలు నిండాయి. తొలికాన్పు తల్లి గుడారంలోనే జరగాలి కాబట్టి అత్తగారే స్వయంగా వచ్చి కూతుర్ని తీసుకెళ్తోంది. రయిషా పొద్దున్నుంచి నడుం నొప్పి అంటోంది.

గుమూర్ రాళ్లు వెతికే సర్వే బృందాలను ఏళ్ల తరబడి ఈ ఎడారిలో తిప్పినవాడు. చిల్లుపడిన ట్యాంకుకు సబ్బూ ఖర్జూరం కలిపి మెత్తి ఇంటికి చేర్చిన మనిషి. అయినా ఇవాళ భయమేసింది. సర్వేవాళ్లకు రేడియో ఉండేది, వెనకాల ఇంకో బండి ఉండేది. ఈ దారిన ఇవాళ మరెవరూ రారు.

ఒక్కటే మేలు. ముక్కు మీదుగా చుట్టుకున్న నల్లటి తలగుడ్డలోంచి అతని కళ్లు తప్ప ఏమీ కనబడవు. మగవాడన్నవాడు పెద్దల ముందు నోరు కనబడనివ్వడు. అత్తగారి ముందైతే చచ్చినా కనబడనివ్వడు, ఆవిడతో నేరుగా మాట్లాడడు కూడా. పెళ్లయి రెండేళ్లయినా వాళ్లిద్దరి మాటలన్నీ రయిషా మీదుగానే నడుస్తున్నాయి.

"ఏమైందో మీ ఆయన్ని అడుగు," అంది అత్తగారు, అతను మూరెడు దూరంలో నిలబడి ఉండగానే.

"చిన్న బెల్టు తెగింది, కంగారేం లేదని మీ అమ్మకు చెప్పు."

"ఆవిడకూ చెవులున్నాయి," అంది రయిషా. "ఇద్దరూ కలిసి నన్ను టెలిఫోను తీగను చేసి పెట్టారు." నవ్వబోయి నడుం పట్టుకుంది.

ముందు ఒంటె వెంట్రుకల తాడు బిగించాడు. అది ఇంజను చక్రాల మీద నిలవక జారిపోయింది. తోలు పట్టీ వేస్తే సాగిపోయింది. రయిషా తలగుడ్డ అడిగి పేని కట్టాడు. సంతలో కొన్న మెరుపు నైలాను, వేడికి కరిగి కమురు కంపు కొట్టి పుటుక్కున తెగింది. ఆమె పెట్టెలోంచి తీసిన కొత్త బట్టకూ అదే గతి పట్టింది. గుడ్డ తెగిన ప్రతిసారీ రేడియేటరు కుతకుత ఉడికింది, ప్రతిసారీ బండి పక్కన వేలాడే తోలుతిత్తిలోంచి దానికే నీళ్లు పోశాడు. ఒక తిత్తి ఖాళీ అయింది. రెండోదాన్ని నొక్కి చూస్తే వేళ్లకు వేళ్లే తగిలాయి, అడుగున కాసిని నీళ్లే మిగిలాయి.

నూలుగుడ్డ అయితే నిలుస్తుందని అతనికి మొదటినుంచీ తెలుసు. తడిపి పేనితే నూలు చక్రాన్ని పట్టుకుంటుంది, కరగదు. కాని అతని అంగీతో సహా బండిలో ఉన్నవన్నీ నైలాను బట్టలే. నూలుది ఒక్కటే ఉంది, అది అతని ముఖానికి ఉంది. సిగ్గు కాపాడుకోవడానికి తిత్తెడు నీళ్లు తగలేశాడు. పైగా అది ఉత్త సిగ్గు కూడా కాదు. ఆ గుడ్డ కింద అతని పెదవులు ఇందాకటినుంచి వణుకుతూనే ఉన్నాయి.

లోపల రయిషా కేక పెట్టింది. ఉమ్మనీరు పోయి సీటంతా తడిసింది.

"ఇంకేం గుడ్డ ఉందో అడగవే," అంది అత్తగారు. రయిషా పళ్లు బిగబట్టుకుని ఉంది. మాటలు మోసే స్థితిలో లేదు.

గుమూర్ బానెట్ చాటుకు వెళ్లి తలగుడ్డ విప్పాడు. పది మూరలుంటుంది. నోటికి వడగాలి తగిలేసరికి నలుగురిలో బట్టలిప్పి నిలబెట్టినట్టు సగం చచ్చాడు. రయిషా గొంతు తడపడానికి రెండు గుక్కలు ఉంచి, మిగిలిన నీళ్లతో గుడ్డ తడిపి, కాస్త రేడియేటరులో పోశాడు. మోకాలితో తొక్కిపట్టి గుడ్డను పేనాడు, చక్రాలకు చుట్టి ముడి మీద తీగ బిగించాడు. ఇంజను అందుకుంది. ఫ్యాను తిరిగింది.

బానెట్ దించేసరికి అత్తగారు ఎదురుగా నిలబడి ఉంది. తల తిప్పుకోలేదు. అతను మసి చేత్తో గబుక్కున నోరు మూసుకున్నాడు, కాని ఆవిడ చూడాల్సింది చూసేసింది.

"నాయనా," అంది. రెండేళ్లలో ఆవిడ అతనితో అన్న మొదటి మాట అదే. "చెయ్యి తియ్యి. బండి నడపడానికి రెండూ కావాలి."

తన తలగుడ్డ లాగింది. ఇంజనుకు పనికిరాని ఆ నైలాను గుడ్డనే అతని ముక్కు మీదుగా చుట్టింది. "నాకు సిగ్గని కాదు. పిల్ల పొద్దున్నుంచి నీ కళ్లు చూసే ధైర్యంగా ఉంది. నోరు చూసిందంటే దాని గుండె జారిపోతుంది."

మెడ వెనక ముడి వేస్తున్న ఆవిడ వేళ్లు గడగడా వణుకుతున్నాయి. ముఖంలో మాత్రం ఏమీ లేదు. వాళ్లలో ఆడవాళ్లకు ముఖం కప్పుకునే ఆచారం లేదు. పొద్దున్నుంచి ఇంత భయాన్నీ ఆవిడ ఏ గుడ్డా లేకుండానే దాచుకొచ్చిందని అతనికి అప్పుడు తెలిసింది.

బండి కదిలింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత అంచునే ఊగుతోంది. కాసేపటికి నూలు కాలుతున్న వాసన మొదలైంది.

"ఏదో కాలుతోంది," అంది రయిషా.

"కంగారేం లేదు." ఆమె అతని కళ్లలోకి చూసి తల ఊపింది.

గుడారాల కుక్కలు మొరగడం వినబడ్డాక గుడ్డ తెగింది. బండి పొగలు కక్కుతూ ఆగింది. ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి రయిషాను చేతుల మీద మోసుకుపోయారు.

గుమూర్ గుడారం బయటే కూర్చున్నాడు. లోపల రయిషా అరిచినప్పుడల్లా గుడ్డ కొసను నోట్లో కుక్కుకుని కొరికాడు. ఒకటి రెండుసార్లు ముడి విప్పబోయాడు, రాలేదు. తెల్లవారుతుండగా అరుపులు ఆగిపోయాయి. ఏ చప్పుడూ లేదు. అప్పుడు సన్నగా, కోపంగా ఒక కొత్త గొంతు ఏడ్చింది.

"ఎవరైనా వెళ్లి రయిషా మొగుడికి చెప్పండి," అంటోంది అత్తగారు, గుడారం తోలుకు అవతల, అతనికి మూరెడు దూరంలో. "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. కంగారేం లేదని చెప్పండి."

గుడ్డ కింద అతని నోరు ఏమైపోయిందో ఎవరూ చూడలేదు.