కాయిల్ ఆపిన చోటు

తెలిపారా బజారులో గోవిందరావు రిపేరు కొట్టు పొద్దున్నే తెరుచుకుంటుంది. షట్టరెత్తి, అగరుబత్తి వెలిగించి, ముందు రోజు వచ్చిన కంప్యూటర్ల మూతలు విప్పి, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపడం అతని మొదటి పని. హిందీ దేశంలోని ఆ రైల్వే ఊరి దుమ్ములో సగం బొగ్గే. మెషీను లేవడం లేదని జనం కంగారుగా మోసుకొస్తారు. అతను లోపలి మెమరీ పట్టీ ఊడదీసి, దాని పళ్లను స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తాడు. చాలావరకు దాంతోనే లేచి కూర్చుంటాయి. కానీ ఆ సంగతి చెబితే వైద్యుడికి విలువుండదు కాబట్టి, సాయంత్రం రమ్మని పంపేస్తాడు.

ఇంకో పని ముఖాలు తుడవడం. ఏళ్ల తరబడి ఒకే మానిటర్ ముందు కూర్చున్నవాడి ముఖం ఆ గాజులో దిగిపోతుంది. ఇనుముకు తుప్పు పడుతుంది, గాజుకు ముఖం పడుతుంది, అంతే. కొత్త గుమస్తాకి అంకెల వెనక నుంచి పాత గుమస్తా చూస్తుంటే పని సాగదు. అందుకని మానిటర్ గోవిందరావు దగ్గరికి వస్తుంది. అతని దగ్గర పళ్లెమంత తీగచుట్ట ఒకటుంది, కాయిల్ అంటారు. బటన్ నొక్కి పట్టుకుని దాన్ని గాజుకు ఎదురుగా గుండ్రంగా తిప్పాలి. తిప్పుతూనే వెనక్కి నడవాలి. గోడకు వీపు తగిలాకే బటన్ వదలాలి. తొందరపడి దగ్గరే వదిలితే, గాజు మీద అప్పటికి మిగిలింది మిగిలినట్టే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చి తిప్పినా కదలదు.

బతికున్నవాళ్ల ముఖం కాయిల్‌కి తేలిగ్గా పోతుంది. పోయినవాళ్లది పోదు. అలాంటి మానిటర్లను ఇంటివాళ్లు తీసుకెళ్లి దండ వేసుకుంటారు.

కొట్టులో బల్ల కింద దుప్పటి కప్పిన మానిటర్ ఒకటి ఏడాదిగా పడి ఉంది. అది జయప్రకాష్‌ది. గోవిందరావు చెల్లెలు నీలవేణి మొగుడు. స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్లో టికెట్లు కొట్టేవాడు. నిరుడు వానల్లో టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకని బయల్దేరాడు, డ్యూటీకి చేరలేదు. ఊరి బయట లాల్‌ఖదాన్ దగ్గర పట్టాల మీద దిక్కులేని శవం దొరికిందంటే చాలు, గోవిందరావు సైకిలెక్కి వెళ్లి చూసొచ్చేవాడు. ఒక్కటీ అతను కాదు. ఆఫీసువాళ్లు ముఖం తుడిచి పంపమంటే, పార్టు రాలేదని నెట్టుకొస్తున్నాడు. తుడిస్తే తెలిసిపోతుంది, అదీ భయం.

ఈలోగా రైల్వేవాళ్లు క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు. మనిషి పోయాడని తేలితే అతని ఉద్యోగం, క్వార్టర్ భార్యకి వస్తాయి. వదిలేసి వెళ్లిపోయాడని తేలితే నీలవేణి పిల్లని పట్టుకుని రోడ్డు మీద నిలబడాలి. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ సీతారామయ్య మంచివాడే. "గాజు ఏం చెబితే అదే రాస్తానమ్మా. సాక్షిగా నేనే వచ్చి కూర్చుంటాను" అన్నాడు.

ఆదివారం ముగ్గురూ కొట్టులో చేరారు. గోవిందరావు దుప్పటి తీసి స్విచ్చి వేశాడు. జయప్రకాష్ మెల్లగా తేలాడు. ఎప్పటిలాగే కాస్త విసుగ్గా, టికెట్టు ఎక్కడికని అడగబోతున్నట్టు ఉన్నాడు.

"నీకేటి కావాలమ్మీ?" అన్నాడు గోవిందరావు గొంతు తగ్గించి.

"ఆయన బతికుండాల. క్వార్టరూ ఉండాల. రెండూ కుదరవని తెలుసులే అన్నియ్యా. నువ్వు తిప్పు."

ముఖం పోకూడదని గోవిందరావు లోపల్లోపల దేవుడికి మొక్కాడు. మొక్కాక, తోడబుట్టినదాని తాళి తెగాలని మొక్కుతున్నానేమిటా అని తన మీద తనకే అసహ్యమేసింది. బటన్ నొక్కి కాయిల్ తిప్పాడు.

సీతారామయ్య గుమ్మం దగ్గర స్టూలు మీద టీ ఊదుకుంటున్నాడు. ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి. గాజు మీద ముందు మీసం పోయింది. తర్వాత గడ్డం పలచనైంది.

బతికే ఉన్నాడు. ఒక్క క్షణం గోవిందరావుకి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఆ వెంటనే, ఎక్కడో వేళకి తింటూ, దుప్పటి కప్పుకుని పడుకుంటూ ఉన్నాడన్నమాట అనిపించి ఒళ్లు మండింది. నీలవేణి కూడా చూస్తోంది. ఆమెకి కాయిల్ సంగతి అన్నకి తెలిసినంతా తెలుసు.

"సాలన్నియ్యా" అంది మెల్లిగా.

గోడ ఇంకా చాలా వెనక ఉంది. గోవిందరావు బటన్ మీద నుంచి వేలు తీసేశాడు.

సీతారామయ్య అద్దాలు తుడుచుకుంటూ వచ్చి వంగి చూశాడు. "అయ్యో, కళ్లు అలాగే ఉన్నాయే."

"ఇంక పోదండి" అన్నాడు గోవిందరావు. అది అబద్ధం కాదు.

కర్మకాండ పద్ధతిగా జరిగింది. నీలవేణి అదే కౌంటర్లో చేరింది. మానిటర్ క్వార్టర్లో దండ వేయించుకుంది. మీసం లేకపోయేసరికి చూడవచ్చినవాళ్లు చిన్నవాడే పాపం అన్నారు.

చలికాలం ఒక మధ్యాహ్నం జయప్రకాష్ కొట్టు ముందు నిలబడ్డాడు. చిక్కిపోయాడు. మీసం లేదు. ఒకప్పుడు రోజూ అతనికి రామ్‌రామ్ చెప్పే టీకొట్టువాడు భుజం రాసుకుంటూ వెళ్లి కూడా పలకరించలేదు.

"బావా, ఇంటికెల్దారనొచ్చేను" అన్నాడు. "నా ముకం సెరిపీసేవా?"

నిజం చెబితే నీలవేణి ఉద్యోగం పోతుంది. గోవిందరావు చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"సెరగలేదు."

"అచ్ఛా." రైల్వే కాలనీలో పుట్టినవాడు, విడమర్చి చెప్పక్కర్లేదు. "అయితే నాను పోయేనన్నమాట."

"ఆఁ."

ఎందుకెళ్లిపోయావు అని అడగాలని గోవిందరావు నోటిదాకా వచ్చింది. పోయినవాణ్ణి ఏమడుగుతాం అనుకుని టీ తాగమన్నాడు. జయప్రకాష్ వద్దన్నాడు. స్టేషన్ వైపు నడిచి వెళ్లిపోయాడు. వెనక్కి పిలిస్తే వచ్చేవాడే. గోవిందరావు పిలవలేదు. ఆ పూట ఇంక ఏ పనీ చేతికి లొంగలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి నీలవేణి వచ్చింది. స్టూలు మీద కూర్చుని చెప్పులు విడిచింది.

"ఆయనొచ్చేరన్నియ్యా. లైన్లో నిలబడ్డారు."

"ఏటన్నాడు?"

"ఏటీ అనలేదు. ఎక్కడికి అని నానే అడిగేను. హౌరా అన్నారు. ఎనకాల జనం తోసుకుంటన్నారు. టికెట్టు కొట్టి ఇచ్చీసేను."

"అంతేనా?"

"రిటన్ కూడా కావాలా అనడిగేను. వద్దన్నారు."