చప్పుడు లేని బడి

అక్క కూతురిని ఆరో తరగతిలో చేర్చాలి. ఇంటికి దగ్గర్లో రెండు సర్కారు బడులున్నాయి, ఒకటి వంతెన పక్కన, ఇంకొకటి మార్కెట్ వెనక. ఆసుపత్రిలో ఆయాగా చేసే అక్కకి సెలవు దొరకలేదు. పల్లెటూరి బడిలోనైనా పదో తరగతి దాకా చదివింది ఇంట్లో నేనొక్కదాన్నే. దర్జీ కొట్టులో కాజాలు కుట్టే పని ఒక పూట మానుకుని బయల్దేరాను.

"నువ్వు చూసొస్తే నేను చూసినట్టే" అంది అక్క.

రెండు చోట్లా చివరి బల్ల మీద ఒక్కో పీరియడు కూర్చోనిచ్చారు. వంతెన బడిలో సూది పడినా వినిపించేట్టుంది. నలభై మంది తలలు వంచుకుని బోర్డు మీది లెక్క దించుకుంటున్నారు. మాస్టారు కళ్ళెత్తితే చాలు, వచ్చే దగ్గు కూడా ఆగిపోతోంది. మార్కెట్ బడి మాత్రం సంతలా ఉంది. పిల్లలు తాడు పట్టుకుని వరండా కొలుస్తూ పోట్లాడుకుంటున్నారు. ఒక పిల్ల ఏదో అడిగితే టీచరమ్మ, తనకూ తెలియదని, కలిసి చూద్దాం పదమని అంది. టీచరుకే తెలియకపోతే పిల్లలకేం వస్తుందని నాకు పైకే నవ్వొచ్చింది.

వంతెన బడే మంచిదని చెప్పాను. అక్క సరేనని అక్కడే చేర్పించింది. మా చెల్లెలు రెండూ చూసి మరీ ఎంచిందని ఆసుపత్రి వార్డంతా చెప్పుకుంది.

మా పిల్లని ఇరుగుపొరుగు వసపిట్ట అనేవారు. అన్నం ముందు కూర్చున్నా ఎందుకు, ఎలా అంటూ మా ప్రాణాలు తోడేసేది. బడిలో చేరిన రెండు నెలలకే నెమ్మదించింది. చదువు ఒంటబడుతోందని లోలోపల మురిసిపోయాను.

ఒక ఆదివారం దాని లెక్కల పుస్తకం తిరగేశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక లెక్క మధ్యలో మాత్రం ఏడెనిమిదులు యాభై నాలుగని ఉంది.

"ఇది తప్పు కదమ్మా?"

"తెలుసు పిన్నీ. బోర్డు మీద అలాగే ఉంది."

"మరి మాస్టారికి చెప్పలేదా?"

"మాట్లాడకూడదు" అంది, అదేదో నాకు తెలియని సంగతైనట్టు.

నాకు తెలియకేం? పదేళ్ళ చదువులో నేను ఒక్కసారీ చెయ్యెత్తలేదు. అర్థం కాకపోయినా తలూపేదాన్ని. బుద్ధిమంతురాలినని మా మాస్టారు మెచ్చుకుంటే చదువంటే అదే అనుకున్నాను. రెండు బడులనూ ఆ కొలతతోనే కొలిచి వచ్చాను.

మర్నాడు మార్కెట్ బడికి వెళ్ళాను. టీచరమ్మ గుర్తుపట్టింది.

"ఆ రోజు వెనక కూర్చుని నవ్వింది మీరే కదూ?" అంది, కోపం లేకుండానే.

కోప్పడినా బాగుండేది. తల దించుకుని, సీటు ఉందా అని అడిగాను. ఒక్కటి ఉందని, వచ్చే సోమవారంలోగా చెప్పమని అంది.

సాయంత్రం అక్క డ్యూటీ నుంచి రాగానే అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. మంచం అంచున కూలబడింది.

"ఇల్లు ప్రశాంతంగా ఉందని నేనూ సంబరపడ్డానే" అంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. తర్వాత అక్క పిల్లని పిలిచి, ఏ బడికి వెళ్తావో నువ్వే చెప్పమంది.

అది గుమ్మం దగ్గరే నిలబడి, వాళ్ళమ్మ వంక చూసింది, తర్వాత నా వంక. మాకు ఏ జవాబు నచ్చుతుందో మా ముఖాల్లో వెతుక్కుంటోంది. దానికేమీ దొరకకూడదని నేను గోడ వైపు తిరిగాను.