ఎప్పుడూ నాలుగు డిగ్రీలే

తమ్ముడి ఉద్యోగం ఊడగొట్టిన మనిషికి ఎదురు బల్ల దగ్గర కూర్చుని, నాలుగు నెలలుగా అక్క నవ్వుతూ పనిచేస్తోంది. అంత నవ్వు ఎలా వచ్చేదో ఆమెకే తెలియదు.

ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా పచ్చసారు అంటారు. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లలో చల్లదనం ఎంత ఉందో చూపించే ప్రోగ్రాం ఆయనదే. కొన్నవాళ్ళ తెర ఎప్పుడూ పచ్చగా ఉండాలి, ఎర్ర అక్షరం ఒక్కటి కనబడినా ఆయనకు ఒళ్ళు మండిపోతుంది.

తమ్ముడు అలాంటి ఒక బ్లడ్ బ్యాంకులో ఫ్రిజ్‌లు చూసుకునేవాడు. ఒకరోజు అరవై సంచుల రక్తం వెచ్చబడి పారబోయాల్సి వచ్చింది. వీడే తలుపు తీసి మరిచిపోయాడన్నారు. తెర మాత్రం ఉండాల్సిన నాలుగు డిగ్రీలే చూపించిందని వాడు నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరూ వినలేదు. తమ ప్రోగ్రాంలో ఒక్క ఎర్రర్ కూడా రాలేదని పచ్చసారు స్వయంగా వచ్చి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. చివరికి కన్నతల్లి కూడా అన్నం వడ్డిస్తూ, “నిజంగా తలుపు వేశావా నాన్నా?” అని అడిగింది. వాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అక్క కడుపు రగిలిపోయింది. ఆ కంపెనీలో కోడ్ రాసేవాళ్ళు కావాలని తెలియగానే, ఎవరి అక్కో చెప్పకుండా వెళ్ళి చేరింది.

ఫ్రిజ్‌లో చల్లదనం కొలిచే సెన్సర్ నుంచి కబురు రాకపోతే ప్రోగ్రాం అక్కడికక్కడ ఆగి గోల చేస్తుంది. ఆ గోలనే ఎక్సెప్షన్ అంటారు. దాన్ని పట్టుకోవడానికి క్యాచ్ అని ఒక చోటు ఉంటుంది. గంట మోగించాలో, ఎవరినైనా పిలవాలో అక్కడ రాయాలి. పచ్చసారు మాత్రం ఆ చోటు ఖాళీగా వదిలేయమంటాడు. దుప్పటి కప్పడం అని ఆయన దానికి ముద్దుపేరు కూడా పెట్టాడు. ఆమె చేరిన వారంలోనే, ఆమె రాసిన గంట మోగించే వరుసలు చెరిపించి మరీ కప్పించాడు.

నాలుగో నెలలో అసలు ఫైలు ఆమె చేతికి చిక్కింది. ఫ్రిజ్‌కు కరెంటు పోతే సెన్సర్ కూడా మూగబోతుంది. అప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది. క్యాచ్ ఖాళీ. తెర మీద అంతకుముందున్న అంకె అలాగే నిలిచిపోతుంది. అంటే కొంప అంటుకున్నా నాలుగు డిగ్రీలే. ఆనాడు తమ్ముడు చూసింది ఆ నాలుగే. పైన రాసినవాడిగా పచ్చసారు పేరు దర్జాగా ఉంది.

ఆ రోజే పైవాళ్ళకు చెప్పొచ్చు. కానీ వాళ్ళు గుట్టుగా సరిచేసుకుంటారు, తమ్ముడి మీద మచ్చ అలాగే ఉండిపోతుంది. పచ్చసారు నలుగురిలో తల దించుకోవాలి, ఆమెకు కావలసింది అదే. మూడు వారాల్లో కొత్త ఆసుపత్రులవాళ్ళకు ప్రోగ్రాం చూపించే సభ ఉంది. పళ్ళ బిగువున ఆగింది.

ఆ ఉదయం హాల్లో ఒక చిన్న ఫ్రిజ్, పక్కనే పెద్ద తెర పెట్టారు. పాత కొనుగోలుదారుగా నాలుగు మంచి మాటలు చెప్పడానికి తమ్ముణ్ణి తీసేసిన బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మను కూడా పిలిచారు. పచ్చసారు గొప్పలు పోతుండగా అక్క లేచి వెళ్ళి, ఫ్రిజ్‌లోని సెన్సర్‌ను తీగతో సహా పీకి ఆయన అరచేతిలో పెట్టింది. తెర మీద నాలుగు డిగ్రీలు పచ్చగా వెలుగుతున్నాయి.

“సెన్సర్ మీ చేతిలో ఉంది కదా సార్, మరి ఆ నాలుగు ఎక్కడిది?”

ఆమె అదే తెర మీద ఖాళీ క్యాచ్‌ను, ఆయన పేరును అందరికీ చూపించింది. ఆనాడు తలుపు వేసినవాడు తన తమ్ముడని చెప్పింది. పచ్చసారు మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ మొహాన్ని ఆమె తనివితీరా చూసింది. ఎన్నాళ్ళకో కడుపు చల్లబడింది.

డాక్టరమ్మ మాత్రం ఆయన వైపు చూడలేదు.

“ఇది నీకు ఎప్పుడు తెలిసిందమ్మా?”

“మూడు వారాలైంది.” అక్క గొంతులో ఇంకా గర్వం ఉంది.

డాక్టరమ్మ వెంటనే తన బ్లడ్ బ్యాంకుకు ఫోను చేసింది. “ఫ్రిజ్‌లన్నీ ఇప్పుడే థర్మామీటరు పెట్టి చూడండి. ఈ మూడు వారాల్లో ఎవరెవరికి రక్తం ఎక్కించారో జాబితా తీయండి.”

ఆ జాబితా సంగతి అక్కకు అంతవరకు ఒక్కసారైనా తోచలేదు.